నా పేరు మీద మిగిలిన లైను

ఆ లైను రాసింది నేనే. మీటింగులో ఒప్పుకున్నాను, ఇప్పుడూ ఒప్పుకుంటాను. రాయమని చెప్పిందెవరో, దాన్ని పాడు చేసిందెవరో మాత్రం ఆ రోజు అక్కడ కూర్చున్నవాళ్లెవరికీ అక్కర్లేకపోయింది.

మా ఊరు భద్రాచలం దాటాక తారురోడ్డు వదిలి, ఇంకా లోపలికి అడవిలోకి పోయే దారిలో ఉంటుంది. ఇంట్లో కోయ మాట్లాడతాం. తెలుగు ఆశ్రమ పాఠశాలలో నేర్చుకున్నాను. ఇంగ్లీషు ఖమ్మంలో డిగ్రీ చదువుతూ, కంప్యూటర్లను నడిపే లైనక్స్ అనే సిస్టం ఆ తర్వాత. మూడింట్లో నాకు తేలికగా వచ్చింది లైనక్సే. కమాండ్ సరిగా కొడితే పని చేసేది, తప్పు కొడితే చేయనని చెప్పేది. నేనెక్కడి నుంచి వచ్చానో, నా యాస ఏమిటో అది ఎప్పుడూ అడగలేదు.

ఉద్యోగం ఖమ్మంలోనే దొరికింది, ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో. మార్కెట్ యార్డుకు దగ్గరే. మిర్చి బస్తాలు దిగే రోజుల్లో కిటికీ తీస్తే ఆఫీసంతా తుమ్ములు. మేము చేసే వాటిలో ఒకటి ఆరోగ్య కార్యకర్తల యాప్. అడవి పల్లెల్లో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ కోసం చేసింది. కార్యకర్తలంతా ఆడవాళ్లే. గుంపు గుంపుకీ, అంటే అడవిలో విడివిడిగా ఉండే చిన్న చిన్న పల్లెలన్నీ తిరిగి, ఎవరికి జ్వరం వచ్చింది, మలేరియా పరీక్షకు ఎవరి రక్తపూత తీశారు, ఎవరికి మందు ఇచ్చారు అన్నది ఫోనులో ఎక్కిస్తారు. మా అక్క వాళ్లలో ఒకతి. ఆ సంగతి ఆఫీసులో ఒక్కరికే చెప్పాను, నాతో పాటు గదిలో ఉండే స్నేహితురాలికి.

ఆమెది తల్లాడ. డిగ్రీలో పరిచయం. ఈ ఉద్యోగంలో నాకంటే ఆరు నెలలు ముందు చేరి, ఖాళీ ఉందని నాకు కబురు చేసింది కూడా ఆమే. ఇద్దరం ఒక గది కిరాయికి తీసుకుని వండుకునేవాళ్లం. ఆమె యాప్‌ని పరీక్షించే టెస్టింగ్ పని చూసేది. నాది బిల్డ్ పని.

బిల్డ్ అంటే చెప్పాలి. ప్రోగ్రామర్లు రాసిన కోడ్ అలాగే ఫోనులోకి ఎక్కదు. దాన్ని పోగేసి, సరిచూసి, యాప్‌గా తయారు చేసి బయటికి పంపాలి. ఆ పనంతా మనిషి చేయి పడకుండా ఒక కంప్యూటర్ వరసగా చేసుకుపోతుంది. దాన్ని బిల్డ్ సర్వర్ అంటాం. మాది యూపీఎస్ గదిలో ఒక మూల ఉండేది. దాన్ని మొదట పెట్టినాయన నేను చేరక ముందే వెళ్లిపోయాడు. పోతూ ఏదీ రాసిపెట్టలేదు.

అందులో ఒక రోగం ఉండేది. పొద్దున మొదటి బిల్డ్ చక్కగా నడిచేది. రెండోది మొదట్లోనే ఆగిపోయేది. తెరమీద ఒకే మాట, పర్మిషన్ డినైడ్, అంటే నీకు అనుమతి లేదు అని. అప్పుడు ఎవరో ఒకరు రూట్‌గా లాగిన్ అయి, పాత ఫైళ్లు చేత్తో తీసేసి, మళ్లీ నడిపేవారు. రూట్ అంటే సర్వర్ మీద సర్వాధికారాలున్న యూజర్. ఆ పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉండాలి. మా ఆఫీసులో అందరికీ తెలుసు. యూపీఎస్ మీద ఒక చీటీ అంటించి ఉండేది కూడా.

నేను చేరిన కొత్తలో నాకు అప్పగించిన పని ఇదే, రోజూ పొద్దున ఆ ఫైళ్లు తీసేయడం. నాలుగు రోజులు తీశాను. ఐదో రోజు ఇది ఎందుకిలా అవుతోందని కూర్చున్నాను.

లైనక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటాడు. ఎవరు దాన్ని చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు, ఎవరు నడపొచ్చు అన్నది ఫైలు మీదే రాసి ఉంటుంది. మా బిల్డ్ మొత్తం బిల్డర్ అనే ఒక మామూలు యూజర్ పేరుతో నడిచేది. మధ్యలో ఒక్క మెట్టు మాత్రం కంటెయినర్‌లో, అంటే సర్వర్ లోపలే వేరుగా కట్టిన ఒక చిన్న గదిలాంటి దాంట్లో, రూట్ పేరుతో నడిచేది. ఆ మెట్టులో పుట్టిన ఫైళ్లూ ఫోల్డర్లూ రూట్‌వి అయ్యేవి. రెండోసారి బిల్డర్ వచ్చి తన పని ఫోల్డర్ శుభ్రం చేసుకోబోతే, అవి నీవి కావు, ముట్టుకోవద్దు అనేది సర్వర్. సర్వర్ తప్పేమీ లేదు.

విరుగుడు కూడా తెలిసింది. కంటెయినర్‌ని కూడా బిల్డర్ పేరుతోనే నడపాలి. ఉన్న పాత ఫైళ్ల యాజమాన్యాన్ని ఒక్కసారి బిల్డర్‌కి మార్చాలి. అంతే. కాని అలా మార్చి నడిపి చూస్తే కంటెయినర్ లోపల ఇంకో పనిముట్టు ఆగిపోయింది. అది తన సరుకంతా రూట్ ఇంటి ఫోల్డర్‌లో దాచుకునేది. దాన్నీ సర్దాలి. రెండు రోజుల పని అనిపించింది. సగం చేసి, అసలు కోడ్‌ని కదపకుండా పక్కన ఒక విడి నకలులో, అంటే బ్రాంచిలో, పెట్టుకున్నాను.

ఆ వారంలోనే అక్క ఫోన్ చేసింది. మేం మాట్లాడుకునేది కోయలో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"చెల్లె, మీ యాప్‌ల మా మూడు గుంపులు కనబడ్తలేవు. తిరిగొస్తున్న, ఎక్కియ్యనీకి పేరే లేదు."

"ఎప్పటి నుంచి?"

"వారమాయె. నిన్న మీటింగ్‌ల అందరి ముందట నిలబెట్టిండ్రు. మూడు గుంపులల్ల సున్న అని చూపెడ్తంది, అసలు పోయినవా లేదా అని అడిగిండ్రు. జ్వరమొచ్చినోళ్ల పేర్లు కాయితం మీద రాస్కపోయి చూపెట్టిన. కాయితం లెక్కకు రాదన్నరు."

వాగు దాటి, గుట్ట ఎక్కి పోయే గుంపులవి. అక్క పోలేదనుకోవడం ఎంత సులువో కదా, ఫోను చూసి మాట్లాడేవాళ్లకి.

కనుక్కుంటే తప్పు దొరికింది. ఆ మూడు గుంపులూ పొరపాటున వేరే కార్యకర్త జాబితాలో పడ్డాయి. ప్రోగ్రామర్లు సోమవారమే సరిచేశారు. అది బయటికి పోవాలంటే ఒకదాని వెనక ఒకటి ఐదారు బిల్డులు సరిగ్గా నడవాలి. బిల్డ్ మాత్రం పర్మిషన్ డినైడ్ అంటూ కూర్చుంది. ఆ రోజు మామూలు కంటే ఎక్కువగా, చేత్తో తీసినా మళ్లీ మళ్లీ ఆగుతోంది. ఒక్క రోజులో ఐదారు బిల్డులు నడపాల్సి రావడంతో ప్రతిసారీ ఎవరో ఒకరు రూట్‌గా లాగిన్ అయి కూర్చోవాల్సి వచ్చింది.

మా టీమ్ లీడ్ వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. హైదరాబాద్ మనిషి. ఖమ్మం ఆఫీసు చూసుకోవడానికి పంపిన దగ్గర్నుంచి ఆయన ముఖంలో ఎప్పుడూ ఒక చిరాకు ఉండేది.

"ఏమైందమ్మా?"

నేను కారణం చెప్పాను, విరుగుడు చెప్పాను, రెండు రోజులు ఇమ్మన్నాను.

"రెండు రోజులా? క్లయింట్ నా నెత్తి మీద కూర్చున్నడు. బిల్డ్ చివర్ల 777 పెట్టెయ్. అయిపోతది."

777 అంటే ఆ ఫోల్డర్‌లో ప్రతి ఫైలునీ ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా మార్చొచ్చు, ఎవరైనా నడపొచ్చు అని అర్థం. యజమాని ఎవరన్న గొడవే ఉండదు. బిల్డ్ ఆగదు. కాని దాన్ని రూట్ అధికారంతో, ఫోల్డర్ లోపల ఉన్నవాటన్నిటి మీదా నడపాలి. అలాంటి లైను ఎక్కడైనా దారి తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు.

"సార్, అది మంచిది కాదు. పోనీ పెట్టమంటే పెడత, ఒక మెయిల్ పెట్టండి."

"నా మాట చాలదా నీకు? ఇంత చిన్నదానికి మెయిలా?"

పక్క కుర్చీలో స్నేహితురాలు నవ్వింది. "పెట్టెయ్యే, ఏమైతది. మీ అక్క కూడా చూస్తుంటది కదా."

అక్క మాట ఎత్తేసరికి నాకింక వాదించబుద్ధి కాలేదు. రాశాను. పని ఫోల్డర్ ఎక్కడుందో ఒక సెట్టింగులో చూసుకుని, దాని లోపల అన్నిటికీ 777 పెట్టు అని ఒక్క లైను. దాని పైన, ఇది తాత్కాలికం, వచ్చే వారం తీసేయాలి అని కూడా రాశాను. కోడ్‌లో ఏ లైను ఎవరు రాశారన్నది పేరుతో సహా నిలిచిపోతుంది. ఆ లైను పక్కన నా పేరు పడింది.

మధ్యాహ్నానికి యాప్ బయటికి పోయింది. అక్క ఫోన్ చేసింది. "వచ్చినయి చెల్లె, మూడు గుంపులూ వచ్చినయి." ఆ పూట నాకు ఎంత సంతోషమేసిందో దాచుకోను. సరికాని పని చేసి సంతోషపడ్డాను.

తర్వాత వారం లీడ్‌ని అడిగాను, ఆ రెండు రోజులు ఇస్తారా అని. వచ్చే వారం అన్నాడు. మళ్లీ అడిగాను. నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించడం అన్నాడు. నా బ్రాంచి అలాగే ఉండిపోయింది. మూడోసారి నేనే అడగలేదు. అడగాల్సింది.

తొలకరికి మా ఊళ్లో విత్తనాల పండుగ. ఊరంతా కలిసి చేసుకునేది. పండుగ కాకుండా ఎవరూ గింజ చల్లరు. మూడు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. మా ఊళ్లో ఫోను పనిచేయదు; అక్క నాకు ఫోన్ చేయాలన్నా తారురోడ్డు దాకా రావాల్సిందే. మూడు రోజులూ నిద్రపోయాను, తిన్నాను, అక్కతో కలిసి చేను దాకా నడిచాను. తిరుగు ప్రయాణంలో భద్రాచలం బస్టాండుకు వచ్చేసరికి ఫోను ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. స్నేహితురాలే.

"యాడున్నవే? సర్వర్ పోయింది. ఎవ్వరినీ లోపలికి రానిస్తలేదు. సుడో గిట్ల ఏదీ పనిచేస్తలేదు. సార్ నీ పేరే తలుస్తుండు."

బస్సు దిగి సంచితోనే ఆఫీసుకు వెళ్లాను.

పది నిమిషాల్లో అర్థమైంది. నా లైను చూసుకునే సెట్టింగ్ పేరును ఎవరో మార్చారు. పాత పేరుతో వెతికితే ఖాళీ. ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట ఖాళీ, దాని వెనక మిగిలింది ఒక్క ఏటవాలు గీత (/). లైనక్స్‌లో ఆ గీతకు అర్థం మొత్తం డిస్కు. ఒక పని ఫోల్డర్‌కి పెట్టాల్సిన 777 సర్వర్ మొత్తానికి పడింది. తాళంచెవులు దాచుకునే ఫైళ్లకీ, పాస్‌వర్డుల ఫైలుకీ, అన్నిటికీ. అప్పుడు లైనక్స్ తనను తాను నమ్మడం మానేస్తుంది. ఈ తాళంచెవి అందరి చేతికీ అందేలా ఉంది, దీనితో లోపలికి రానివ్వను అంటుంది. సుడో, అంటే కాసేపు రూట్ అధికారం అరువిచ్చే కమాండ్, తన ఫైలును ఎవరైనా మార్చగలిగేలా ఉంటే పనిచేయనని మొండికేస్తుంది.

పెన్‌డ్రైవ్ నుంచి సర్వర్‌ని వేరుగా లేపి, పాత డిస్కును తెరిచి కూర్చున్నాను. సిస్టంతో వచ్చిన ఫైళ్లకి ఏ అనుమతులుండాలో ఒక జాబితా సర్వర్ దగ్గరే ఉంటుంది. దాన్ని పట్టుకుని అవన్నీ వెనక్కి మార్చాను. మిగిలినవి ఒక్కొక్కటీ చేత్తో. మధ్యాహ్నం అన్నం తినలేదు. స్నేహితురాలు పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. నీళ్లు తెచ్చిచ్చింది, టీ తెచ్చిచ్చింది.

సాయంకాలం అవుతుండగా రూట్ చరిత్ర తెరిచాను. రూట్‌గా లాగిన్ అయినవాళ్లు ఏ రోజు ఏ కమాండ్ కొట్టారో వరసగా ఉంటుంది. తేదీలు కూడా పడేలా నేనే ఎప్పుడో పెట్టాను. నా సెలవులో రెండో రోజు, సెట్టింగ్ పేరు మార్చిన కమాండ్ కనిపించింది. ఏ కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యారో వేరే ఫైలులో ఉంటుంది. అదీ చూశాను. అది ఆమె కంప్యూటర్.

తెర మీద ఉన్నది ఇద్దరం చదివాం. ఆమె స్టూలు వెనక్కి జరుపుకుంది.

"సారే మార్చమన్నడే," అంది. "కొత్త ప్రాజెక్టుకు వేరే పేరు కావాలె, జల్దీ చెయ్యి అన్నడు. నీ లైను దాని మీదనే ఆధారపడ్డదని నాకేం తెల్సు?"

"నీ తప్పని నేనంటలేను. ఏం జరిగిందో చెప్తే చాలు."

"రేపు మీటింగ్‌ల నేనే చెప్త. నువ్వేం అనకు. నేను చెప్తనే బాగుంటది."

అవ్, అదే బాగుంటుందని నాకూ అనిపించింది. ఆ తెరను ఫోటో తీసుకోలేదు. ఫైలు నకలు తీసుకోలేదు. అప్పుడు అలా చేస్తే ఆమెను అనుమానించినట్టు ఉంటుందనుకున్నాను.

మర్నాడు పొద్దున లీడ్ పిలిచి, సర్వర్‌ని మొత్తం తుడిచేసి మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయమన్నాడు. ఒకసారి అన్నీ తెరుచుకున్న సర్వర్‌ని మళ్లీ నమ్మలేం అన్నాడు. అది నిజమే. నేనే చెప్పాల్సిన మాట అది. అందుకే కాదనలేకపోయాను. మధ్యాహ్నానికి తుడిచి, కొత్తగా పెట్టి, బిల్డ్ నడిపించాను. ఆ 777 లైను తీసేశాను. నా సాక్ష్యం ఆ డిస్కు మీదే ఉంది. దాన్ని నా చేత్తోనే తుడిచాను. తుడుస్తున్నప్పుడు ఆ ఊహే రాలేదు.

మూడు గంటలకు మీటింగ్. బల్ల చుట్టూ ఆరుగురం. క్లయింట్ అయిన ఆ స్వచ్ఛంద సంస్థ తరఫు ఆవిడ గోడ మీది తెరలో ఉంది. లీడ్ పాత కోడ్‌లోంచి ఆ లైనును తీసి తెర మీద పెట్టాడు, పక్కన నా పేరుతో సహా.

"ఇదీ కారణం," అన్నాడు.

నేను చెప్పాను. "లైను నేనే రాసిన. మీరు పెట్టమన్నరు సార్."

"777 పెట్టమని నేనన్నానా? మెయిల్ ఏమన్నా ఉందా?"

ఆయన అడిగిన తీరులో కోపం కూడా లేదు. అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

"ఇన్ని రోజులు అది ఫోల్డర్ లోపలే నడిచింది సార్. నేను సెలవుల ఉన్నప్పుడు సెట్టింగ్ మారింది. అందుకే బయటికి పోయింది."

"ఎవరు మార్చారు?"

"రూట్‌గా లాగిన్ అయి మార్చిండ్రు."

"రూట్ అంటే అందరూనే కదా. ఎవరో చెప్పు."

నేను ఆమె వైపు చూశాను. ఆమె నోటుబుక్కు తెరిచి, పేజీ పైన ఆ రోజు తేదీ వేసుకుంటోంది. వేసిన తేదీ మీదే మళ్లీ మళ్లీ దిద్దుతోంది. నేను పేరు చెప్పలేదు. ఆమె చెప్తానంది కదా, చెప్తుందని ఆగాను.

లీడే అడిగాడు ఆమెను. "నీకేమన్నా తెలుసా?"

"లేద్ సార్. నేను టెస్టింగే చూస్తున్న."

మార్చమన్నది తనేనని ఆయనకు తెలుసు. మార్చింది తనేనని ఆమెకు తెలుసు. వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. క్లయింట్ ఆవిడ, ఇకముందు ఇలా జరగకుండా ఏం చేస్తారని అడిగింది. లీడ్ ఆమెకు సర్దిచెబుతూ అన్నాడు, "మా తప్పే మేడం. ఏజెన్సీ ఏరియా నుంచి వచ్చిన అమ్మాయి, నేర్చుకుంటుందని సర్వర్ అప్పజెప్పాం. ఇకనుంచి అనుభవమున్నవాళ్లకే ఇస్తాం."

ఆ సర్వర్‌లో ఏ ఫైలు ఎవరిదో ఆ గదిలో ఉన్న ఆరుగురిలో నాకొక్కదానికే తెలుసు. ఆయన మాట అయ్యేదాకా తెర మీద ఉన్న నా పేరునే చూస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఇద్దరం ఒకే గదికి పోవాలి. వేరే దారి లేదు. ఆమె ముందు వెళ్లింది. నేను వెళ్లేసరికి అన్నం కుక్కర్ విజిల్ వేస్తోంది. టమాటలు కోస్తోంది.

"తిందాం రా," అంది.

"చెప్తనన్నవ్ కదా."

కత్తి పక్కన పెట్టి ఏడవడం మొదలుపెట్టింది. "ఎట్ల చెప్పాలెనే? మా నాయిన దవాఖానల పడి లేచిండు. ఈ జాబ్ పోతే నన్ను ఇంటికి పట్టుకపోయి పెండ్లి జేస్తరు. నీకు తెల్వదా?"

తెలుసు. ఆమె ఇంటి సంగతులన్నీ నాకు తెలుసు. ఆమె ఏడుపు అబద్ధం కాదు. నేను కూడా మెత్తబడ్డాను, పక్కన కూర్చోబోయాను. అప్పుడంది:

"నీకేందే. రిజర్వేషన్ ఉంది. గవర్నమెంట్ జాబ్ ఎప్పుడన్న కొడ్తవ్. మా అసొంటోళ్లకే కష్టం."

మీటింగులో తెలియదన్నందుకు ఆమెను ఎప్పటికైనా క్షమించేదాన్నేమో. భయంతో చేసిందని సర్దుకునేదాన్నేమో. ఈ మాట మాత్రం ఆమె ఏడుస్తూ, నన్ను ఓదార్చడానికన్నట్టు అంది. ఆశ్రమ పాఠశాలలో అరవై మంది ఆడపిల్లలం ఒకే హాలులో పడుకుని చదువుకున్న సంగతి ఆమెకు నేనే చెప్పాను. వర్షాకాలం వాగు పొంగితే పరీక్షకు పోలేకపోయిన సంగతీ చెప్పాను. అవన్నీ విని, లోపల ఆమె కట్టుకున్న లెక్క ఇది. నేను ఆ పూట తినలేదు. రెండో రోజు నుంచి వేరుగా వండుకున్నాను. ఆ చిన్న గదిలో రెండు గిన్నెలు, రెండు పప్పు డబ్బాలు.

నన్ను సర్వర్ పని నుంచి తప్పించారు. టెస్టింగ్ ఫారాలు నింపమన్నారు. బిల్డ్ పని ఆమెకు ఇచ్చారు, అనుభవం ఉందని. నెల తిరక్కుండా రాజీనామా ఇచ్చాను. లీడ్ ఎందుకని అడగలేదు. గది మారాను.

తర్వాత కొన్నాళ్లకు వానలు బాగా పట్టాయి. మా వైపు జ్వరాల కాలం అది. అక్క ఫోన్ చేసి, కొత్త యాప్ వస్తదన్నరు, వస్తలేదు, పాతదాంట్ల రక్తపూతల రిజల్ట్ ఎక్కుతలేదు, ఎవరికి మందు మొదలుపెట్టాలెనో తెలుస్తలేదు అని చెప్పింది. నేను ఆ ఆఫీసులో లేనని అప్పటికి ఆమెకు చెప్పలేదు. చూస్త అన్నాను.

రెండు రోజులకు ఒక పొద్దున, పదకొండు గంటలప్పుడు, స్నేహితురాలి నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తాలా వద్దా అని మోగినంతసేపూ చూస్తూ, చివర్లో ఎత్తాను.

"బాగున్నవా?"

"చెప్పు."

"మళ్ల పర్మిషన్ డినైడ్ వస్తందే. నువ్వు ఆ లైను తీసేసినవ్ కదా, ఇన్నాళ్లు చేత్తోనే ఫైళ్లు తీస్కుంట నెట్టుకొచ్చిన. సార్ మళ్ల 777 పెట్టమంటుండు. నాకు భయమైతంది."

తనకు భయమవుతోందట. ఫోను పెట్టేయొచ్చు. పెట్టేస్తే ఆమె 777 పెడుతుంది. లేదా పెట్టక, బిల్డ్ ఆగిపోయి, ఆ యాప్ అక్క ఫోనుకు ఇంకో వారం చేరదు.

"నా పాత బ్రాంచి ఒకటి ఉంటది," అన్నాను. పేరు చెప్పాను. అందులో మిగిలిన సగాన్ని ఇన్నాళ్లూ మనసులోనే పూర్తి చేసుకుని ఉన్నాను. కంటెయినర్‌ని బిల్డర్ పేరు మీద ఎట్లా నడపాలో, ఆ పనిముట్టు సరుకు దాచుకునే చోటును ఎట్లా మార్చాలో, పాత ఫైళ్ల యాజమాన్యం ఒక్కసారి ఎట్లా మార్చాలో ఒక్కో మెట్టూ చెప్పాను. మార్చే ముందు ఆ సెట్టింగ్ ఖాళీగా ఉంటే పని అక్కడే ఆగిపోయేలా ఒక తనిఖీ కూడా రాయించాను. మధ్యలో రెండుసార్లు తప్పు చేసింది, ఓపిగ్గా దిద్దించాను. గంట పట్టింది. ఒకదాని వెనక ఒకటి మూడు బిల్డులు ఆగకుండా నడిచాయి.

"థాంక్స్ నే. సార్‌కు నీ పేరు చెప్త."

"చెప్పకు," అన్నాను. అలా అన్నా చెప్తుందేమోనని లోపల ఆశ ఉండింది. చెప్పలేదు.

పది రోజుల తర్వాత అక్క ఫోన్. గొంతులో హుషారు. "కొత్త యాప్ మంచిగ నడుస్తంది చెల్లె. మీటింగ్‌ల మేడం చెప్పింది. పాత ఇంజినీరు పాడు చేసి పోయిందట, కొత్తామె వచ్చి మొత్తం బాగు చేసిందట."

ఆ పాత ఇంజినీరు నేనేనని అక్కకు అప్పుడు చెప్పాను. మొదటి నుంచి చివరి దాకా అంతా చెప్పాను. కోపంతో ఊగిపోతుంది, వాళ్లను తిడుతుంది, నన్ను ఓదారుస్తుంది అనుకున్నాను.

"మరి మొన్న దానికెందుకు చెప్పినవ్?" అంది.

"నీ యాప్ కోసమే అక్కా. జ్వరాల కాలం కదా."

"నా మీద పెట్టకు," అంది. "యాప్ లేకపోతే కాయితం మీద రాస్కుంట. చీటీ రాసి మనిషితోని పంపుత. ఇరవై ఏండ్లు గట్లనే చేసిన. ఆ రోజు అందరి ముందట దాని పేరు చెప్పనీకి నీకు నోరు రాలె. గదీ సంగతి."

నేనేదో అనబోయాను.

"నన్ను కూడ నిలబెట్టిండ్రు కదా అందరి ముందట. నేను పోయిన, చూసిన, ఇగో పేర్లు అని చెప్పిన. కాయితం లెక్కకు రాదన్నరు. అయినా చెప్పిన."

అక్క ఫోను పెట్టేశాక కూడా నేను చాలాసేపు ఆమె మీద కోపంగానే ఉన్నాను. ఆ ఇద్దరి మీద ఉన్నదానికంటే ఎక్కువ కోపం. ఆ రోజు నుంచి కొన్ని వారాలు మాట్లాడుకోలేదు కూడా.

ఇప్పుడు ఖమ్మంలోనే వేరే గదిలో కూర్చుని వేరే కంపెనీలకు ఇదే పని చేస్తున్నాను. ఎవరైనా ఫోనులో ఒక మాట చెప్పి చేసేయమంటే, రాసి పంపండి అంటాను. పంపేదాకా చేయను. ఈ అమ్మాయితో కష్టం అని నా వెనక అనుకుంటారని తెలుసు. ఒకరిద్దరు మళ్లీ పని ఇవ్వలేదు. ఎవరితోనూ గది పంచుకోవడం లేదు. మొన్న ఖమ్మం బస్టాండులో ఆ స్నేహితురాలు కనిపించింది, ప్లాట్‌ఫారానికి అటువైపు. చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. మా ఇద్దరి మధ్యకు కొత్తగూడెం బస్సు వచ్చి ఆగింది. అది నా బస్సు కాదు, అయినా ఎక్కి కూర్చున్నాను.